మన యూనివర్సిటీ సుస్థిరత ముసాయిదా: కాలువ మాటేది, డ్రెయిన్ మాటేది, పాకీపని చేసేవాళ్ల మాటేది?

వశిష్ఠ తీరం (చర్చ మొదలుపెట్టినవారు) | మే 4, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మన విశ్వవిద్యాలయం "పర్యావరణ, సామాజిక సుస్థిరత విధానం" అని ఒక ముసాయిదా రాసి, నెలాఖరులోగా అభిప్రాయాలు చెప్పమని పూర్వ విద్యార్థులకూ చుట్టుపక్కల పంచాయతీలకూ పంపింది. అడిగినందుకు సంతోషం. నేను ఇక్కడే చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి మొదటి పేజీ నుంచి చివరిదాకా కూర్చుని చదివాను.

అందులో ఏముందో ముందు చెప్తాను. ఏటా మొక్కలు నాటడం, ప్లాస్టిక్ లేని ఆవరణ, ఎల్ఈడీ దీపాలు, మేడల మీద సోలార్ పలకలు, ప్రతి భవనం పక్కన ఇంకుడు గుంత, మూడేళ్లకోసారి గ్రీన్ ఆడిట్ (పర్యావరణ తనిఖీ). సామాజికం కింద "సమానత్వం, సమ్మిళితత్వం, పరిసర సమాజంతో అనుబంధం" అని ఒక పేరా. అంతే.

ఈ కాగితం మీద ఊరి పేరు కొట్టేసి అనంతపురం అని రాసినా, ఆదిలాబాద్ అని రాసినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. నా బాధ అదే. మన ఆవరణకి ఒక పక్క పంట కాలువ, రెండో పక్క డ్రెయిన్, అంటే చేలలో మిగిలిన నీరు బయటికి పోయే కాలువ. ఆ కాలువ నీళ్లు తాగుతున్నాం, ఆ డ్రెయిన్‌లోకి మురుగు వదులుతున్నాం. ఇంత కాగితంలో కాలువ అన్న మాట లేదు, డ్రెయిన్ అన్న మాట లేదు. ఆ మురుగుని రోజూ చేత్తో ముట్టుకునే కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుల ఊసు అసలే లేదు. గోదావరి డెల్టాలో పెట్టిన యూనివర్సిటీకి విధానం నీళ్ల దగ్గర మొదలవ్వాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

---

మూడో అంతస్తు | మే 4, ఉదయం 8:42

మాస్టారూ, నేను లేడీస్ హాస్టల్‌లో ఉంటాను. కాలువలు కట్టేసి నీళ్లు ఆపినప్పటి నుంచి మా కుళాయిల్లో బోరు నీళ్లే. నిన్న బకెట్ నింపి పొద్దుటిదాకా ఉంచితే అడుగున తెల్లగా ఉప్పు పొర. తల రుద్దుకుంటే షాంపూ నురగ రాదు, జుట్టు కొబ్బరి పీచైపోతోంది. తాగడానికి మేమే డబ్బులు వేసుకుని టిన్నులు తెప్పించుకుంటున్నాం. హాస్టల్ ఆర్వో మిషన్ ఉంది గానీ దాంట్లోంచి పారబోసే నీళ్ల పైపు నేరుగా గేటు ముందు గుంటలోకి పోతుంది, అక్కడే దోమలు.

ఇంకో మాట చెప్పాలి, ఇక్కడ మగవాళ్లు కూడా చదువుతున్నారని తెలిసే చెప్తున్నాను. మా అంతస్తులో వాడిన ప్యాడ్లు వేసే డబ్బాకి మూత లేదు. వాటిని తీసే అమ్మకి గ్లవ్స్ లేవు, కవరు చేతికి తొడుక్కుని తీస్తుంది. "ప్లాస్టిక్ లేని ఆవరణ" అని రాసినవాళ్లు ఆ డబ్బా ఒకసారి చూడాలి.

---

పాత లస్కరు | మే 4, ఉదయం 10:15

నేను లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యానండి. చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకోండి.

అమ్మాయి గారు చెప్పింది ఈ సీజన్లో ప్రతి ఊళ్లోనూ ఉండేదే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి కట్టారు. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో తర్వాత వచ్చింది. దాని మీద సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు బతుకుతుంది. దాళ్వా (రెండో పంట) అయిపోగానే ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, మరమ్మతులు చేసుకుని జూన్లో మళ్లీ వదులుతారు. ఇది ఈరోజు కొత్తగా వచ్చింది కాదు కదండీ. అందుకే పెద్దలు ప్రతి ఊళ్లో మంచినీళ్ల చెరువు తవ్వించారు. కాలువ కట్టే ముందే తూము ఎత్తి చెరువు నింపుకునేవారు. చెరువు గట్టు మీద గేదెల్ని తోలనిచ్చేవారు కాదు, బట్టలు ఉతకనిచ్చేవారు కాదు.

మీ యూనివర్సిటీ లోపల కూడా ఒక చెరువుండేదండి. పాత మ్యాపులో ఉంటది. దాని మీద ఇప్పుడు బండ్లు పెట్టుకునే షెడ్డుంది. ఆ చెరువుంటే ఈ రెండు నెలలూ ఎవరూ టిన్నులు కొనక్కర్లేదు. నేను చెప్పేది అదేనండి.

ఇంకుడు గుంతల సంగతి. మనది బంకమట్టి నేల. సార్వా (వానాకాలం పంట) రోజుల్లో గునపం దించితే మోకాలి లోతులో నీరు తగులుతుంది. అప్పటికే నిండిపోయిన నేలలోకి ఇంకేది ఏముంటదండి? ఆ గుంతలు వానాకాలమంతా కప్పల చెరువులు. మనకి కావాల్సింది నీరు బయటికి పోయే దారి, వేసవికి నిలవ పెట్టుకునే చోటు.

---

సివిల్ మేడమ్ | మే 4, మధ్యాహ్నం 1:30

లస్కరు గారు చెప్పిన దాంతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క సవరణతో. డెల్టా అంతా ఒకే నేల కాదు. సముద్రం వైపు ఇసుక మేటలున్న చోట వాననీరు ఇంకి, ఉప్పునీటి పైన పలచటి పొరలా నిలుస్తుంది. అక్కడ ఇంకుడు గుంత ప్రాణం పోస్తుంది. మన ఆవరణలో దక్షిణం వైపు పాత దిబ్బ ఒకటి అలాంటిదే. మిగతా అంతా బంకమట్టి, అక్కడ గుంత తవ్వడం డబ్బు దండగ. కాబట్టి "ప్రతి భవనం పక్కన" అన్న మాట తీసేసి, నేల పరీక్ష చేసి నిర్ణయించాలని రాయాలి.

బంకమట్టి ఉన్న చోట మేడ మీద పడ్డ వాన నేరుగా చెరువుకో తొట్టెకో పోవాలి. లెక్క చిన్నది. మన వైపు ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద 1000 మిల్లీమీటర్లు అంటే లక్ష లీటర్లు. ఆవిరికీ మొదటి వాన కడుగుకీ ఐదో వంతు తీసేసినా 80 వేల లీటర్లు మిగులుతాయి. మన భవనాల కప్పులన్నీ కలిపితే చెరువు నింపడానికి కాలువ ఒక్కదాని మీదే ఆధారపడక్కర్లేదు.

ఇప్పుడు రెండో వైపు. హాస్టల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని భారతీయ ప్రమాణం. వెయ్యిమంది ఉన్న హాస్టల్ అంటే రోజుకి 1,35,000 లీటర్లు. వాడిన నీళ్లలో సుమారు 80 శాతం మురుగవుతుందని మేం డిజైన్లలో వేసుకుంటాం, అంటే లక్షకు పైగా లీటర్లు. అది ప్రతిరోజూ ఎక్కడికో పోతోంది. ముసాయిదాలో వాడే నీటి అంకె లేదు, పోయే మురుగు అంకె లేదు. ఆ రెండు అంకెలూ లేనప్పుడు ఏం తగ్గించామో పదేళ్ల తర్వాత ఎవరు చెప్పగలరు? ప్రతి బ్లాకుకి ఒక నీటి మీటరు పెట్టండి అని నేను విభాగం తరఫున రాసిస్తాను.

---

దాళ్వా రైతు | మే 4, రాత్రి 9:05

ఆ లక్ష లీటర్లు ఎక్కడికి పోతున్నాయో నేను చెప్తాను మేడమ్ గారూ. మా చేలకి.

మా పొలం యూనివర్సిటీ దిగువన ఉంది. సెప్టిక్ ట్యాంకులు పొంగి వచ్చిన నీరు, మెస్సు కడిగిన నీరు, రెండూ ఒకే పైపులో డ్రెయిన్‌లో పడతాయి. ఆ పైపు నోరు కింద నీళ్లు బూడిద రంగు, మీద జిడ్డు తెట్టు. అక్కణ్ణుంచి మా తూము దాకా గుర్రపుడెక్క పరుచుకుపోయింది, మీద కోడి నడిచి వెళ్లగలదు. మురుగులో బలం ఉంది కాబట్టి ఏపుగా పెరుగుతుంది. వేసవిలో అది కంపే, ఓర్చుకుంటాం. జులైలో నారు వేశాక నాలుగు రోజులు వాన పట్టిందంటే డెక్క వంతెన కింద అడ్డం పడి నీరు వెనక్కి తంతుంది. నారుమడి మునిగి కుళ్లిపోతే మళ్లీ విత్తనం, మళ్లీ కూలీ. నాది కౌలు చేను. యజమానికి కౌలు బస్తాలు ఆగవు.

2011లో కోనసీమలో సార్వా వేయకుండా క్రాప్ హాలిడే పెట్టినప్పుడు రైతులు చెప్పుకున్న బాధల్లో ఈ డ్రెయిన్లూ ఉన్నాయి. ఊరికే పొలం ఎండబెట్టుకోవాలని ఎవరికుంటుందండీ?

"పరిసర సమాజంతో అనుబంధం" అని రాశారట. మాకు అనుబంధం వద్దు. శుభ్రమైన నీరు వదలండి చాలు.

---

చెరువు గట్టు | మే 4, రాత్రి 9:50

రైతు గారి బాధ నిజమే. కానీ డ్రెయిన్ని యూనివర్సిటీ ఒక్కటే పాడుచేసినట్టు మాట్లాడితే న్యాయం కాదు. నాకు ఆరెకరాల రొయ్యల చెరువుంది, నా పని నేనే చెప్తున్నాను. రొయ్యలు పట్టేశాక అడుగు బురదనీళ్లు మేమంతా డ్రెయిన్‌లోకే తోడుతున్నాం. మేత మిగులు, మందులు, ఉప్పు అన్నీ అందులోనే. పక్కన వరి వేసేవాళ్ల నేల చవుడు తేలుతోందన్నది నిజం. భీమవరం వైపు యనమదుర్రు డ్రెయిన్ పక్క నుంచి వెళ్లినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. కొల్లేరు సంగతీ అంతే: 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, అయినా పైనుంచి వచ్చే మురుగు ఆగలేదు.

ఇక్కడే యూనివర్సిటీ వల్ల పని ఉంది. వాళ్లకి ల్యాబులున్నాయి, పిల్లలున్నారు. డ్రెయిన్ మీద నాలుగు చోట్ల నెలకోసారి నీళ్లు పట్టి పరీక్ష చేసి, ఆ అంకెలు మా పంచాయతీ బోర్డు మీద రాయమనండి. ఎవరి దగ్గర ఎంత పాడవుతోందో అందరికీ తెలుస్తుంది, నాతో సహా.

---

దాళ్వా రైతు | మే 4, రాత్రి 10:20

చెరువు గట్టు గారూ, మీరు ఈ మాట నలుగురిలో అన్నందుకు దణ్ణం. నెలకోసారి అంకె బోర్డు మీద పడితే నాకంతకంటే ఏమీ అక్కర్లేదు.

---

ఎమ్మెస్సీ రెండో ఏడు | మే 5, ఉదయం 6:30

మా అమ్మ ఇదే యూనివర్సిటీలో పారిశుధ్యం పని చేస్తుంది. నేను ఇక్కడే చదువుతున్నాను. ఉదయం అయిదింటికి ఇద్దరం కలిసే బయల్దేరతాం, నేను లైబ్రరీ తెరిచేదాకా గదిలో కూర్చుంటాను, తను బ్లాకులు ఊడుస్తుంది.

గది అన్నాను గానీ అది జనరేటర్ పక్కన మెట్ల కింద చోటు. చీపుళ్లు, ఫినాయిలు డబ్బాలు, వాళ్ల అన్నం క్యారేజీలు అన్నీ అక్కడే. బట్టలు మార్చుకోవడానికి తలుపు లేదు. వాళ్లు కడిగే బాత్రూములు వాళ్లు వాడకూడదని ఒక బ్లాకులో చెప్పారట. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత నెల జీతం ఎవరిస్తారో తెలియదు, పీఎఫ్ చీటీ అడిగితే రేపు రా అంటారు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే కట్టాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి నుంచీ ఉన్న సూత్రం. ఈ మాట నాకు ఇక్కడి లైబ్రరీలోనే దొరికింది.

కిందటి వానాకాలం హాస్టల్ సెప్టిక్ ట్యాంకు పొంగితే మా అమ్మతో పనిచేసే ఒకాయన్ని మూత తీసి దిగమన్నారు. ఆయన దిగలేదు, నాలుగు రోజులు పనిలో పెట్టుకోలేదు. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. అలా చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. దిగనన్నందుకు పని పోగొట్టుకున్న మనిషికి ఏ కాగితం మీద న్యాయం రాస్తారు?

నాకు మొక్కలంటే ఇష్టం, నేను చదివేది వృక్షశాస్త్రమే. అయినా ముసాయిదాలో "సామాజిక" అన్న మాట కింద మొదటి వాక్యం వీళ్లదే అవ్వాలి.

---

మూడో అంతస్తు | మే 5, ఉదయం 7:15

అక్కా, మా బ్లాకులో మీ అమ్మగారే అనుకుంటాను. మూత ఉన్న డబ్బాలు, గ్లవ్స్ కోసం మా అంతస్తు అందరం సంతకాలు పెట్టి వార్డెన్ గారికి ఈరోజే ఇస్తాం. విధానం వచ్చేదాకా ఆగక్కర్లేదు దానికి.

---

పాలనా విభాగం, రిటైర్డ్ | మే 5, ఉదయం 11:00

నేను ఆఫీసులో ఫైళ్లు నడిపినవాణ్ణి. మీరందరూ చెప్పినవి నిజాలే, కానీ ముసాయిదా ఎందుకు ఇలా వచ్చిందో తెలిస్తే దాన్ని మార్చడం తేలికవుతుంది.

విశ్వవిద్యాలయాలు పర్యావరణం గురించి మాటివ్వడం 1990లో ఫ్రాన్స్‌లోని తల్వార్ పట్టణంలో చేసిన ప్రకటనతో ఊపందుకుంది. మన దేశంలో ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలంది. తర్వాత యూజీసీ "సతత్" అని పచ్చని ఆవరణలకి ఒక చట్రం ఇచ్చింది. విద్యాసంస్థలకి గ్రేడులిచ్చే నాక్ ఇన్నాళ్లూ నడిపిన పద్ధతిలో వెయ్యి మార్కుల్లో వంద ఏడో ప్రమాణానికి, అంటే సంస్థాగత విలువలకీ ఉత్తమ పద్ధతులకీ. గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్, వాననీటి నిల్వ, దివ్యాంగుల సౌకర్యాలు అన్నీ అందులోవే. మొక్క నాటితే ఫొటో వస్తుంది, ఇంకుడు గుంత తవ్వితే ఫొటో వస్తుంది, ఫైలులో పెట్టడానికి అది చాలు. డ్రెయిన్‌లో నీరు శుభ్రపడితే ఫొటోకి ఏమీ కనిపించదు.

ఖాళీ పోస్టులు నింపక, కాంట్రాక్టు మీద కాంట్రాక్టు వేసుకుంటూ వచ్చిన చోట మురుగు శుద్ధి కేంద్రం కట్టడం కష్టం కాదు, నడపడం కష్టం. డబ్బు వచ్చిన ఏడాది కట్టేస్తారు. మోటారు కాలిపోయిన ఏడాది దాన్ని చూసే మనిషే ఉండడు. అందుకని నేను అడిగేది: ప్రతి వాగ్దానం పక్కన దాన్ని చూసే అధికారి హోదా, బడ్జెట్ పద్దు, గడువు తేదీ రాయాలి. ఆ మూడూ లేని వాక్యం ఏదైనా ముసాయిదాలోంచి తీసేయాలి. అలా తీసేస్తే కాగితం చిన్నదవుతుంది, ఫర్వాలేదు.

---

సివిల్ మేడమ్ | మే 5, మధ్యాహ్నం 12:20

నడపడం కష్టం అన్నది అక్షరాలా నిజం సార్. అందుకే మోటార్లూ బ్లోయర్లూ ఎక్కువ ఉండే శుద్ధి కేంద్రం నేను అడగను. మనకి స్థలం ఉంది. ముందు మెస్ నీళ్లకి జిడ్డు పట్టే తొట్టె, దాని తర్వాత గదులుగా కట్టిన సెప్టిక్ ట్యాంకు, ఆ తర్వాత కంకర నింపి జమ్ము, తుంగ పెంచిన మడుగులు. నీరు వాలు మీద దానంతటదే నడుస్తుంది. జమ్ము వేర్ల దగ్గర ఉండే సూక్ష్మజీవులే పని చేస్తాయి. ఏటా జమ్ము కోయాలి, కొన్నేళ్లకోసారి బురద యంత్రంతో తోడించాలి. మనిషి దిగే అవసరం రాకుండా మూతలు, పైపులు మొదట్లోనే డిజైన్ చేయొచ్చు.

ఒక ఇబ్బంది ఉంది, దాచను. వరద వచ్చినప్పుడు డ్రెయిన్ మట్టం మన మడుగు మట్టం కంటే పైకి లేస్తే నీరు వెనక్కి వస్తుంది. గట్టు ఎత్తి, వెనక్కి రానివ్వని తలుపు పెట్టాలి. కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ ద్వారా సముద్రపు పోటునీరు ఎక్కి కొబ్బరి తోటలు మొవ్వు ఎండిపోయిన సంగతి మీకందరికీ తెలుసు. డెల్టాలో డ్రెయిన్ రెండు వైపులా నడుస్తుందని గుర్తుపెట్టుకుని కట్టాలి.

---

కడియం మొక్క | మే 5, సాయంత్రం 5:40

మొక్కల గురించి ఒక్క ముక్క. ముసాయిదాలో ఎన్ని అని ఉంది, ఏవి అని లేదు. గేటు నుంచి పరిపాలన భవనం దాకా కోనోకార్పస్ వరస ఉంది, అది మన దేశపు చెట్టు కాదు. మా నర్సరీల్లో కానుగ, నేరేడు, పొగడ, తాటి టెంకలు అన్నీ దొరుకుతాయి. నీరు పైకే ఉండే నేలలో వేరు లోతుకి దిగదు, గాలికి చెట్టు పడిపోతుంది. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరి ఎలా పడుకుందో చూసినవాళ్లం. 2014లో హుద్‌హుద్‌కి విశాఖ పచ్చదనం ఏమైందో చూశాం. కాబట్టి మొక్కని మట్టి దిబ్బ మీద నాటాలి, మూడేళ్లు చూసుకోవాలి, మూడో ఏడు బతికున్నవే లెక్కలో రాయాలి.

---

మెస్ కమిటీ | మే 6, ఉదయం 9:30

చెత్త గురించి. రోజుకి 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థ పెద్ద ఉత్పత్తిదారు అని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి, తడి పొడి వేరు చేసి, తడిది వీలైనంత వరకు లోపలే ఎరువు చేయాలి. మా ఒక్క మెస్సులోనే రాత్రి మిగిలిన అన్నం, సాంబారు డ్రమ్ములు చూస్తే ఆ వంద ఎప్పుడో దాటేశాం. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి నిషేధం, అయినా ఏ సెమినార్ జరిగినా టేబుల్ కింద అవే. రావులపాలెం అరటి మార్కెట్ మనకి ఎంత దూరం? అరటాకులో పెట్టడానికి ఏమిటి ఇబ్బంది? స్నాతకోత్సవానికి మేం ఆకుల్లోనే వడ్డించాం, పెద్దవాళ్లంతా మెచ్చుకున్నారు.

ఎరువు గుంటల పని మేం ఒప్పుకుంటాం. ఆ ఎరువు కౌలు రైతు గారి చేనుకి ఉచితంగా ఇవ్వాలన్నది మా పిల్లల కోరిక.

---

రెండు చక్రాలు | మే 6, మధ్యాహ్నం 2:10

నేను చక్రాల కుర్చీలో తిరుగుతాను. దివ్యాంగుల హక్కుల 2016 చట్టం మాకు ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు ఇచ్చింది, నాకు సీటు అలాగే వచ్చింది. లోపలికి రావడం మాత్రం వేరే సంగతి. కొత్త బ్లాకు ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, మా దగ్గర దాంట్లో సగం కూడా లేదు. వెనక ఇద్దరు పట్టుకోకపోతే కుర్చీ వెనక్కి దొర్లుతుంది. వానాకాలంలో ర్యాంపు మొదట్లోనే నీరు నిలుస్తుంది, ఆ రోజుల్లో నేను క్లాసుకి వెళ్లను.

డ్రెయిన్ బాగైతే రైతు గారి చేనే కాదు, నా ర్యాంపు కూడా ఎండుతుంది. ముసాయిదాలో పర్యావరణం ఒక అధ్యాయం, సామాజికం ఇంకో అధ్యాయం అని ఎందుకు విడదీశారో నాకు అర్థం కాలేదు.

---

పాత లస్కరు | మే 6, సాయంత్రం 6:00

బాబూ, మీ మాట బాగుందండి.

ఒకటి మరిచిపోతున్నారు అందరూ. వరద. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, సుమారు 17 లక్షలకి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది, అది మీరూ చూశారు. లంకల్లో, అంటే నది మధ్య ఊళ్లల్లో, జనం గేదెల్ని తోలుకుని గట్టెక్కారు. అప్పుడు యూనివర్సిటీ గేట్లు మూసే ఉన్నాయండి. లోపల రెండంతస్తుల మేడలు, వంటశాల, జనరేటరు, ఆట స్థలం ఉన్నాయి. మూడో హెచ్చరిక పడితే ఫలానా బ్లాకు తెరుస్తాం, ఫలానా ఆయన దగ్గర తాళం ఉంటది, గేదెలకి ఆట స్థలం ఇస్తాం అని రాసిపెట్టుకోవాలి. వరద రోజున ఫోన్లు పనిచెయ్యవు.

---

వశిష్ఠ తీరం | మే 7, ఉదయం 6:50

మూడు రోజులుగా మీరు రాసినవన్నీ దగ్గర పెట్టుకుని రాత్రి ఉత్తరం రాశాను. ముఖ్యమైన చోట్లు ఇక్కడ పెడుతున్నాను, దిద్దండి.

"విధానం మొదటి అధ్యాయం నీరు కావాలి. ప్రతి బ్లాకుకి మీటరు. షెడ్డు కింద పోయిన చెరువుని తిరిగి తవ్వి, కాలువ కట్టే ముందు నింపి, మేడల మీది వాననీటిని దానికి కలపాలి. ఇంకుడు గుంతలు నేల పరీక్షలో పనికొస్తాయని తేలిన చోటే. శుద్ధి చేయని నీరు డ్రెయిన్‌లోకి వదలకూడదు. దానికి జమ్ము మడుగులు, వరద తలుపుతో సహా, సివిల్ విభాగం పర్యవేక్షణలో. డ్రెయిన్ మీద నాలుగు చోట్ల నెలనెలా పరీక్ష, ఫలితం దిగువ పంచాయతీల బోర్డుల మీద తెలుగులో."

"పారిశుధ్య కార్మికులకి తలుపున్న గది, గ్లవ్స్, బూట్లు, అన్ని బ్లాకుల్లో మరుగుదొడ్డి వాడుకునే హక్కు. జీతం, పీఎఫ్ ప్రతినెలా పడినట్టు రుజువు చూపించాకే కాంట్రాక్టరుకి బిల్లు. సెప్టిక్ ట్యాంకుల పని యంత్రంతోనే, దిగనన్న మనిషిని పనిలోంచి తీయరాదు. విధానం అమలు చూసే కమిటీలో కార్మికుల మనిషి ఒకరు, దిగువ రైతు ఒకరు, దివ్యాంగ విద్యార్థి ఒకరు, హాస్టల్ అమ్మాయి ఒకరు ఉండాలి."

మొక్కలు, ఎరువు, అరటాకులు, వరద ఆశ్రయం కూడా చేర్చాను. సోలార్ గురించి కొత్తగా ఏమీ రాయలేదు, ముసాయిదాలో ఉన్నది బాగానే ఉంది. పాలనా విభాగం గారు చెప్పినట్టు ప్రతిదాని పక్కన హోదా, పద్దు, తేదీ అన్న మూడు గడులు పెట్టాను. గడులు ఖాళీగానే ఉన్నాయి, నింపాల్సింది వాళ్లు.

---

పాలనా విభాగం, రిటైర్డ్ | మే 7, ఉదయం 9:15

బాగా కుదిరింది. "బిల్లు" వాక్యం దగ్గర అభ్యంతరం చెప్తారు, ముందే తెలుసుకోండి. అది వదలొద్దు. మిగతావి బేరం ఆడినా ఫర్వాలేదు గానీ అది ఒక్కటీ వదలొద్దు.

---

చెరువు గట్టు | మే 7, ఉదయం 9:40

బోర్డు మీద అంకెల్లో మా చెరువుల తూముల దగ్గర కూడా ఒక చోటు చేర్చండి మాస్టారూ. నాలుగు కాదు, అయిదు చోట్లు.

---

ఎమ్మెస్సీ రెండో ఏడు | మే 7, మధ్యాహ్నం 12:05

మాస్టారూ, ముసాయిదా ఇంగ్లీషులోనే ఉంది. మా అమ్మకీ, తనతో పనిచేసేవాళ్లకీ వాళ్ల గురించి ఏం రాస్తున్నారో తెలియాలి కదా. మీ ఉత్తరం ఈరోజు అన్నం వేళ వాళ్లకి చదివి వినిపిస్తాను. సంతకం పెట్టేవాళ్లు పెడతారు, వేలిముద్ర వేసేవాళ్లు వేస్తారు. వాళ్లు ఏదైనా మార్చమంటే రాత్రికి ఇక్కడ రాస్తాను.

---

వశిష్ఠ తీరం | మే 7, మధ్యాహ్నం 12:30

తప్పకుండా అమ్మా. వాళ్లు చెప్పేదాకా ఉత్తరం పంపను.

---

ఎమ్మెస్సీ రెండో ఏడు | మే 7, రాత్రి 8:55

చదివాను మాస్టారూ. రెండు మార్పులు అడిగారు. గదిలో ఫ్యాను కావాలట. రెండోది, పండగ రోజు పని చేయిస్తే ఆ రోజు కూలి వేరే ఇవ్వాలని రాయమన్నారు. సంతకాల కాగితం రేపు మీ ఇంటికి తెస్తాను.

---

దాళ్వా రైతు | మే 7, రాత్రి 9:20

నేనూ వస్తానండి రేపు. దిగువ ఊరి నుంచి ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొస్తాను, మా సంతకాలు కూడా అదే కాగితం మీద పెట్టించండి.